కొత్త మేడమ్ తాళాలు అడిగిన రోజులు

మొన్న ఆదివారం పొద్దున మా జనక్‌పురి ఫ్లాట్ల సంఘంవాళ్ళు ఇంటింటికీ ఒక ఫారం పంచిపెట్టారు. ఇళ్ళల్లో పనికి వచ్చేవాళ్ళ పేరు, తండ్రి పేరు, సొంత ఊరు, ఫోటో, ఇదివరకు పోలీసు కేసేదైనా ఉందా అన్న సంగతి అన్నీ రాసి, కింద మనం సంతకం చేసి ఇవ్వాలట. మాకు వంట చేసే ఆవిడ కూరలు తరుగుతూ వంటింట్లోంచే వివరాలు చెబుతుంటే, నేను బాల్కనీలో ఎండకు కూర్చుని నాలుగు గడులు చకచకా నింపేశాను గానీ, ఐదో గడి దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న ఆమెను అడగడానికి నోరు రాక, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఒకప్పుడు అలాంటి గడులు నింపడమే నా ఉద్యోగం. నేను దాచిన ఒక కాగితం వల్ల ఒక మనిషి చేస్తున్న పని పోయింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోని ఆ సంగతి, ఫైళ్ళ మధ్య తలలు నెరిసిన నా ఈడువాళ్ళకైనా అర్థమవుతుందన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

నేను సైన్యంలో గుమాస్తాను. తుపాకీ పట్టింది తక్కువ, టైపు మెషీను కొట్టింది ఎక్కువ. శ్రీకాకుళం నుంచి బయల్దేరి దేశమంతా తిరిగి, చివరి పోస్టింగు ఢిల్లీ కంటోన్మెంటులో పడితే, పిల్లల చదువులు పాడవుతాయని పింఛను వచ్చాక కూడా ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడకీ నాకూ పొద్దు గడిచేది కాదు కాబట్టి ఏదో ఒక పని వెతుక్కుంటుంటే, వసంత్ కుంజ్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నడిచే చిన్న సంస్థలో రికార్డులు చూసుకునే మనిషి కావాలని తెలిసింది. దాన్ని పెట్టినావిడ ఒక పంజాబీ వకీలు. అందరూ ఆమెను దీదీ అనేవారు. నేను మొదటి ఏడాది మేడమ్ అని పిలిచి, ఆ తరువాత తెలియకుండానే దీదీలోకి దిగిపోయాను.

పోలీసులకు చిక్కిన పిల్లల తరఫున నిలబడటం ఆ సంస్థ పని. పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి పట్టుకుని పంతొమ్మిదేళ్ళని రాసేస్తే, వాడు పిల్లల బోర్డు ముందుకు వెళ్ళాల్సింది పోయి పెద్దవాళ్ళతో పాటు జైలుకు పోతాడు. మా వాళ్ళు పరుగెత్తుకెళ్ళి, వాడు చదివిన బడి రిజిస్టరు వెతికించి, తల్లి చేత అర్జీ పెట్టించి, అసలు వయసు రుజువు చేసి బయటికి తెచ్చేవారు. ఆ కాగితాలన్నీ చివరికి నా దగ్గరికి వచ్చేవి. ఒక్కొక్క పిల్లవాడికీ ఒక పచ్చ ఫైలు, దానికో నంబరు, లోపలి అట్టకు అంటించిన ఫోటో, బడి రిజిస్టరు నకలు, తల్లి వేలిముద్ర, దెబ్బలు తగిలి ఉంటే ఆసుపత్రి చీటీ. నేను వచ్చేనాటికి అవన్నీ అట్టపెట్టెల్లో ఎలుకల పాలవుతుంటే, మూడు ఇనుప బీరువాలు తెప్పించి, సైన్యం పద్ధతిలో ఏడాది ప్రకారం, పోలీసు స్టేషను ప్రకారం సర్ది, మధ్యమధ్య నాఫ్తలీను ఉండలు వేసి, తాళాలు నా మొలతాడుకు కట్టుకున్నంత జాగ్రత్తగా పెట్టుకున్నాను. దీదీ ఏ పేరు చెప్పినా రెండు నిమిషాల్లో ఫైలు ఆమె ముందుండేది. ఆమె ఒక్కసారి తలెత్తి చూసేది. ఆ చూపు కోసం రెండు బస్సులు మారి రోజూ వెళ్ళేవాణ్ణి.

అలాంటి దీదీ ఒక సోమవారం టీ తాగుతూ, తనకు ఓపిక తగ్గిందనీ, వచ్చే నెల నుంచి సంస్థను ఇంకొకరికి అప్పగిస్తున్నాననీ, ఆవిడ పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషనీ చెప్పింది. ఇన్నేళ్ళూ ఎవరి మీద అర్జీలు పెట్టామో వాళ్ళలోంచే ఒకరు మా కుర్చీలోకి వస్తున్నారు. ఫరీదాబాద్ నుంచి మెట్రోలో వచ్చే మా కౌన్సెలరమ్మ, మనిషి మంచిదే గానీ ఏ మాటా కడుపులో దాగదు, ఆ మధ్యాహ్నమే నా టేబుల్ దగ్గరికి వచ్చి, దీదీని ఎవరో బెదిరించి ఉంటారని చెవిలో వేసింది. నేను కాదనలేదు.

కొత్త మేడమ్ వచ్చింది. పొట్టి జుట్టు, గోధుమరంగు బూట్లు, హర్యానా యాస. దీదీ కుర్చీని తీయించి, తలుపు కనబడేలా గోడకు వీపు ఆనించి వేయించుకుంది. మొదటి రెండు రోజులు ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా చిన్న డైరీలో ఏదో రాసుకుంది. మూడో రోజు నా ముందుకు వచ్చి చెయ్యి చాపింది.

"ఫౌజీ సాబ్, బీరువా తాళాలు."

రెండో జత చేయించి ఇస్తానని రెండు రోజులు నానబెట్టాను. మూడోరోజు మళ్ళీ అదే చెయ్యి, అదే మాట. ఇచ్చేశాను. ఆ సాయంత్రం నుంచి ఆమె రికార్డు గదిలో తలుపు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మర్నాడు నేను వెళ్ళి చూస్తే బీరువాలో ఫైళ్ళు నేను పెట్టిన వరసలోనే ఉన్నాయి గానీ, ఒక్క అరలో మాత్రం దుమ్ము చెదిరి ఉంది. అది ఆమె ఇదివరకు పనిచేసిన స్టేషను అర.

ఇక నాకు నిద్ర పట్టలేదు. ఆమె ఫోను ఎత్తితే నా చెవులు అటే. టీ కప్పులు తీసే నెపంతో ఆమె టేబుల్ మీది డైరీ తలకిందులుగా చదవబోయాను. కౌన్సెలరమ్మ తలుపు సందులోంచి "అన్నీ ఖతమ్ చేసేస్తా" అని ఆమె ఎవరితోనో అనడం విన్నానని ఒట్టేసి చెప్పింది. వారం తిరక్కుండా కాగితాలను సేమియాలా తరిగే మెషీను ఒకటి ఆఫీసుకు వచ్చింది. అందరినీ పిలిచి మేడమ్ చెప్పిన మాట ఇదీ. పిల్లల కేసు ముగిసి గడువు దాటాక ఆ రికార్డు నాశనం చేయాలని చట్టమే చెబుతోంది, కోర్టువాళ్ళు చింపేసినవి మన బీరువాలో ఎందుకు బతికున్నాయి, ఆ పిల్లలు ఇప్పుడు పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళు, ఒక్కటి బయటికి పొక్కితే ఎవరు జవాబుదారీ? మాట న్యాయంగానే ఉంది. చెప్పిన నోరు పోలీసుది కాబట్టి నాకు నమ్మబుద్ధి కాలేదు. చట్టం పేరు చెప్పి తన మరకలు తుడుచుకుంటోందని కౌన్సెలరమ్మ అంటే, నా మనసులోని మాటే ఆమె నోట వచ్చిందనుకున్నాను.

దీదీ ఇంటికి వెళ్ళాను. ఆమె మేడ మీద కుండీల్లో మట్టి గుల్ల చేస్తోంది. నేను చెప్పిందంతా విని, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేను ఇన్నేళ్ళూ పోలీసు స్టేషను తలుపు బయట నిలబడి అరిచాను. తలుపు లోపల ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు" అంది.

"అదే నా భయం దీదీ."

"ఒకసారి అప్పగించాక మళ్ళీ వేలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. మీరు తాళాలు ఆమెకిచ్చారా లేదా?"

ఇచ్చానన్నాను. అయితే ఠీక్ హై అని మళ్ళీ కుండీల దగ్గరికి వెళ్ళిపోయింది. నన్ను ఇలా వదిలేస్తుందని అనుకోలేదు. బస్సులో వస్తూ దీదీని కూడా అనుమానించాను. అదీ నా పరిస్థితి.

ఆ స్టేషను అరలో పదకొండు ఫైళ్ళున్నాయి. పంతొమ్మిదేళ్ళని తప్పు వయసు రాసిన కాగితాలు, కింద అధికారి సంతకాలు, దెబ్బల చీటీలు అన్నీ అందులోనే. అందులో కొన్ని సంతకాలు కొత్త మేడమ్‌వని నాకు ముందే తెలుసు. అవి మెషీనులో పడితే ఇక రుజువన్నది ఉండదు. నానబెట్టిన ఆ రెండు రోజుల్లో చేయించిన రెండో జత తాళాలు ఎలాగూ నా దగ్గరే ఉన్నాయి. నాలుగు రోజుల్లో, రోజుకు రెండో మూడో చొప్పున, టిఫిను సంచిలో డబ్బా కింద పెట్టుకుని ఆ పదకొండూ ఇంటికి చేర్చాను. సర్వీసులో ఇరవైనాలుగేళ్ళు ఒక్క గుండుసూది ఇంటికి తేని మనిషిని. అయినా మంచి పనే చేస్తున్నానని బలంగా నమ్మాను. మంచం కింది నా నల్ల ట్రంకుపెట్టెలో అడుగున ఫైళ్ళు పెట్టి, పైన రజాయిలు పరిచాను. చలి రావడానికి ఇంకా నెలన్నర ఉంది కదా, ఈలోపు వాటిని ఎవరికివ్వాలో ఆలోచించుకోవచ్చని నా లెక్క.

ఆ పదకొండులో ఒకటి మా కాలనీ ఎలక్ట్రీషియనుది. అప్పటికి మూడేళ్ళ కిందట మా గీజరు పాడైతే మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. ఎడమ కనుబొమ మధ్యలో తెగిన గుర్తు చూడగానే నాకు ఫైలు నంబరుతో సహా గుర్తొచ్చింది. బస్టాపులో స్నేహితులు ఎవరిదో ఫోను లాక్కుని పరుగెత్తితే, వాళ్ళతో పాటు పరుగెత్తి దొరికిపోయినవాడు. బడి రిజిస్టరు దొరికాక కొన్ని నెలలకు బోర్డు వదిలేసింది. బోర్డు వరండాలో వాడి పక్కన కూర్చుని కాగితాలు సర్దింది నేనే. వాడూ నన్ను చూడగానే గుర్తుపట్టాడు. చేతిలో టెస్టరు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను మామూలుగా, నీళ్ళు వేడెక్కడం లేదు భయ్యా, చూడు అన్నాను. వాడు ఊపిరి వదిలి లోపలికి వచ్చాడు. అంతే, మా మధ్య ఇక ఆ ఊసు లేదు. ఎక్కడ కనబడినా "నమస్తే ఫౌజీ అంకుల్" అని దూరం నుంచే కేకేసేవాడు. మా ఆవిడకు కూడా చెప్పకుండా ఆ గుట్టు కాపాడినందుకు లోలోపల గర్వపడేవాణ్ణి కూడాను.

ఆ ఏడు చలి తొందరపడింది. ఒక మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా మా ఆవిడ రజాయిలు ఎండలో వేద్దామని పెట్టె తెరిచింది. నేను ఇంటికి వచ్చేసరికి పచ్చ ఫైలు ఒడిలో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఏటండీ ఇది? మూడేళ్ళుగా మనింట్లో తిరుగుతున్నాడు. మనవరాలు ఒక్కత్తీ ఉన్నప్పుడు కూడా వచ్చి ఫ్యాను బాగుచేసి వెళ్ళాడు. నాకు ఒక్క మాట చెప్పుంటే ఏటి పోయేది?"

"చెప్పకూడదు కాబట్టే చెప్పలేదు. వాడేం తప్పు చేయలేదని బోర్డే వదిలేసింది."

"అది మీకు తెలుసు. నాకేటి తెలుసు? నాకు కనబడింది ఫోటో, పోలీసు కాగితం."

ఆమెను తప్పుపట్టలేను. అప్పటికే కంగారులో కింది ఫ్లాటు ఆంటీని పైకి పిలిచి చూపించేసింది. ఆ ఆంటీ చదువుకుని, జాగ్రత్త కోసం అని ఫోనులో ఆ పేజీ ఫోటో తీసుకుంది. తెల్లారేసరికి అది మా బ్లాకు వాట్సాప్ గ్రూపులో ఉంది. పోలీసు రాసిన పేజీ మాత్రమే. బోర్డు వదిలేసిన కాగితం దాని వెనకాల నాలుగు పేజీల అవతల ఉంది, అంతదూరం ఎవరూ తిప్పలేదు.

రెండోరోజు పొద్దున నేను బస్సుకు బయల్దేరితే గేటు దగ్గర గార్డు వాణ్ణి ఆపి ఉంచాడు. భుజాన పనిముట్ల సంచి, చేతిలో ఎవరిదో మిక్సీ. ఆ మిక్సీ గార్డుకిచ్చి వెళ్ళిపొమ్మని సంఘం హుకుం అట. వాడు నన్ను చూసి ఎప్పటిలా కేక వేయలేదు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"అంకుల్, ఆప్ నే బతాయా?"

నేను చెప్పలేదన్నాను. అది అబద్ధం కాదు. కానీ నా ఇంట్లోంచే బయటికి వచ్చిందని చెప్పలేదు. వాడు నా ముఖం కొంచెంసేపు చూసి, అచ్ఛా అని తల ఊపి, మిక్సీ గార్డు బల్ల మీద పెట్టి రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. నేను బస్సు ఎక్కలేదు. ఇంటికి తిరిగి వెళ్ళి, పదకొండు ఫైళ్ళూ అదే టిఫిను సంచిలో కుక్కి, ఆటోలో వసంత్ కుంజ్ వెళ్ళి మేడమ్ టేబుల్ మీద కుమ్మరించాను. జరిగింది చెప్పాను.

ఆమె ఫైళ్ళు లెక్కపెట్టలేదు.

"మొదటి రెండు పోయిన రోజే తెలుసు. పేపరువాళ్ళకిస్తున్నారేమోనని చూస్తూ ఉన్నాను. అడిగితే పోలీసు బుద్ధి పోనిచ్చుకోలేదంటారని అడగలేదు" అంది.

అంటే నేను ఆమెను కాపు కాసినన్ని రోజులూ ఆమె నన్ను కాపు కాసింది. ఇద్దరిలో ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే ఆ కాగితం మా ఇంటి ట్రంకులోకి వచ్చేదే కాదు. ఇక దాచేదేముందని నేనూ అడిగేశాను, ఇందులో మీ సంతకాలున్నాయి, ఇవి చింపాలనుకున్నది ఆ పిల్లల కోసమా, మీ కోసమా అని. ఆమె ఎలక్ట్రీషియను ఫైలు తెరిచి, వయసు పంతొమ్మిది అని రాసిన చోట వేలు పెట్టి, "రెండూ అనుకోండి" అంది. ఆ తరువాత జీపులో కూర్చునే మనిషిలా లేచి, పదండి మీ కాలనీకి అంది.

ఆ సాయంత్రం సంఘం ఆఫీసులో ఆమె గొంతు హెచ్చించలేదు. పిల్లప్పటి కేసును పెద్దయ్యాక ఎత్తిచూపడం చట్టం ఒప్పుకోదనీ, అసలు ఆ కేసు వదిలేసిన కాగితం ఇదిగో అనీ, ఆ వయసు తప్పు రాసిన అధికారి ఎవరో తెలుసుకోవాలనుకుంటే తననే చూడమనీ చెప్పింది. పక్కనే నిలబడి ఆ ఫైలు బయటికి వచ్చింది నా వల్లేనని నేనూ చెప్పాను. మా ఆవిడ పేరు ఎత్తలేదు. వాడు లోపలికి రావచ్చని తీర్మానం చేశారు. గేటు తెరుచుకుంది గానీ, ఆ తరువాత మా బ్లాకులో ఏ ఇంట్లోనూ ఫ్యాను పాడవలేదు. వాడికి ఫోను చేసినవాళ్ళు లేరు. నెల తిరగకముందే వాడు కాలనీ వదిలేశాడు.

ఆ పదకొండు ఫైళ్ళను మేడమ్ మెషీనులో వేయనివ్వలేదు. వీటిని ఉంచాలో చింపాలో తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు, ఆ పిల్లలు నా మీద ఫిర్యాదు చేయాలనుకుంటే వాళ్ళకు ఇవే ఆధారం, కాబట్టి వాళ్ళనే అడగండి అని నన్ను పంపింది. దొరికినవాళ్ళను దొరికినట్టు కలిశాను. ఎక్కువమంది నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టి, చింపేయండి, మళ్ళీ రావద్దు అన్నారు. ఒక్కడు మాత్రం తన ఫైలు పట్టుకుపోయి ఆమె మీద ఫిర్యాదు పెట్టాడు. ఆమె ఆ విచారణకు పిలిచినప్పుడల్లా వెళ్ళి, రాసింది తానేనని ఒప్పుకుని వచ్చింది. ఆమె మీద నా అనుమానం పూర్తిగా పోయిందని చెప్పను. మిగతా స్టేషన్ల ఫైళ్ళు మెషీనులో పడుతున్నప్పుడు కూడా ఒక కన్ను ఆమె చేతుల మీదే ఉంచాను. అది ఆమెకు తెలుసు. నవ్వి ఊరుకునేది.

చివరికి ఎలక్ట్రీషియను దగ్గరికి వెళ్ళాను. ఫరీదాబాద్‌లో ఒక షెడ్డులో మోటార్లకు రాగితీగ చుడుతున్నాడు. ఒంటినిండా వార్నిషు వాసన. స్టూలు తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. ఫైలు మా ఇంట్లోంచే బయటికి వచ్చిందని అప్పుడు చెప్పాను. ముందే తెలుసన్నట్టు తీగ చుట్టడం ఆపకుండా, "మాలూమ్ హై సార్" అన్నాడు. అంకుల్ అనలేదు. ఫైలు ముందు పెడితే చేతులు తుడుచుకుని తెరిచి, లోపలి అట్టకు అంటించిన ఫోటోను గోటితో మెల్లగా ఊడదీసుకున్నాడు. ఆ వయసులో తీయించుకున్న ఫోటో తనకు ఇదొక్కటేనట. అది చొక్కా జేబులో పెట్టుకుని, మిగతావి చింపేయండి సార్ అని ఫైలు నా చేతికిచ్చాడు. టీ చల్లారేదాకా కూర్చున్నాను.

ఇప్పుడు ఆ ఆఫీసులో బీరువాలు లేవు. అంతా కంప్యూటర్లే. కొత్త మేడమ్ కూడా పాతదైపోయి, తన కుర్చీ ఇంకొకరికి అప్పగించి రోహ్‌తక్ వైపు వెళ్ళిపోయింది. అప్పుడప్పుడు ఫోను చేసి మోకాళ్ళ సంగతి అడుగుతుంది, నేను ఆమె బీపీ సంగతి అడుగుతాను. మా రోజుల్లో ఒక మనిషి గతం అంటే ఒక బీరువాలో ఒక అర, దాని తాళం ఒక మనిషి దగ్గర. ఆ మనిషి మంచివాడైతే సరి, కాకపోయినా, అతను పోయాక కాగితాన్ని చెద తినేసేది. ఎలక్ట్రీషియను ఫైలు నేనే నా చేతులతో మెషీనులో వేశాను, అట్టతో సహా, ఒక్క ముక్క మిగల్చకుండా. కానీ కింది ఫ్లాటు ఆంటీ తీసిన ఆ ఫోటో ఏ ఏ ఫోన్లలో ఉందో, వాటిలో ఎన్ని పాతబడి చేతులు మారాయో, దాన్ని ఎవరింటికి వెళ్ళి అడిగి చింపాలో నాకు తెలియదు. గ్రూపులో తీసేయమని మా ఆవిడ అందరి ఇళ్ళకూ తిరిగి బతిమాలింది. తీసేశామని అందరూ చెప్పారు.